వేరేవాళ్ల నేల మీద నిద్ర: ‘డీజిల్ అండ్ డస్ట్’ ఆల్బమ్ గురించి, దాని వెనక ఉన్న ఆదివాసీ చరిత్ర గురించి



ఇది కొంచెం పొడుగు పోస్టు. ఒక్క కూర్చోవడంలో చదవలేకపోతే సేవ్ చేసుకుని రాత్రి చదవండి. మన గ్రూపులో ఇప్పటిదాకా భూమి చట్టాల గురించి, పోరాటాల గురించి, జాతరల గురించి రాసుకున్నాం. ఈసారి ఒక రాక్ ఆల్బమ్ గురించి రాస్తున్నాం. “మనకీ రాక్‌కీ ఏం సంబంధం?” అని అడిగేవాళ్లు ఉంటారని తెలుసు. మేం కూడా మొదట అదే అడిగాం.

మేం అంటే నలుగురం. ఒకరిది ఉట్నూరు వైపు, ఒకరిది పాడేరు వైపు, ఇద్దరిది గోదావరి ఒడ్డు. హాస్టల్లో ఒకే రూము. మా సీనియర్ అక్క ఒకామె ఆస్ట్రేలియా ఆదివాసుల మీద సెమినార్ పేపర్ రాసుకుంటూ, “చదివింది చాలు, ఇది వినండి” అని మా స్పీకర్‌కి తన ఫోన్ కలిపింది. మొదటి పాట మొదలవగానే బాకాల్లాంటి మోత మూడు సార్లు కొట్టింది. మేం ఉలిక్కిపడి లేచాం. ఆ పాట ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’. ఆ ఆల్బమ్ ‘డీజిల్ అండ్ డస్ట్’. పాడింది మిడ్‌నైట్ ఆయిల్ అనే సిడ్నీ బ్యాండ్. విడుదలైంది 1987లో, అంటే మాలో ఎవరం పుట్టకముందు.

అప్పట్నుంచి ఆ ఆల్బమ్‌ని ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. మొదట్లో డ్రమ్స్ కోసం విన్నాం. తర్వాత మాటలు పట్టుకుని, అందులో వచ్చే ఊళ్ల పేర్లు మ్యాపులో వెతుక్కుంటూ విన్నాం. అలా వెతుకుతుంటే తెలిసింది, అది పాటల కింద దాచిన చరిత్ర పుస్తకం అని.

పింటుపిల కథ

ముందు చరిత్ర చెప్పుకోవాలి. అది తెలీకపోతే పాట సగమే వినపడుతుంది.

1788లో బ్రిటిష్ ఓడలు సిడ్నీ దగ్గర ఆగినప్పుడు ఆ ఖండంలో వేల ఏళ్లుగా వందల జాతులు ఉన్నాయి. ఎవరి భాష వాళ్లది, ఎవరి పొలిమేర వాళ్లది. కానీ వచ్చినవాళ్ల చట్టం ఆ నేలని ఎవరిదీ కాని నేల కింద లెక్కేసింది. ఎవరిదీ కాదు కాబట్టి కొనక్కర్లేదు, ఒప్పందం అక్కర్లేదు. మనకి ఈ లెక్క కొత్తేం కాదు. తాతల నుంచి పోడు కొట్టుకుని బతికిన చోటుని ఒకరోజు కాగితం మీద బంజరు అనో, పోరంబోకు అనో, రిజర్వు ఫారెస్టు అనో రాస్తే ఏమవుతుందో మన ఊళ్లలో ముసలోళ్లని అడిగితే చెప్తారు.

పింటుపిలది పడమటి ఎడారి. గిబ్సన్ ఎడారి, మకే సరస్సు చుట్టుపక్కల ప్రాంతం. బయటివాళ్ల కంటికి అక్కడ ఏమీ లేదు. పింటుపిలకి మాత్రం ప్రతి నీటిగుంటకి పేరుంది, ప్రతి గుట్టకి కథ ఉంది, ఆ కథ చెప్పే హక్కు ఏ కుటుంబానిదో కూడా తేలిపోయి ఉంది. అంత లోపలికి తెల్లవాళ్లు చాలాకాలం వెళ్లలేదు కాబట్టి వాళ్ల బతుకు వాళ్లు బతికారు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి 1947లో వూమెరా అనే చోట రాకెట్ల పరీక్షా కేంద్రం పెట్టాయి. అక్కణ్ణుంచి వదిలే రాకెట్లు, క్షిపణులు వాయవ్యంగా ఎడారి మీదుగా పోవాలి. ఎడారి ఖాళీ అని వాళ్ల లెక్క, కానీ అక్కడ మనుషులున్నారు. 1950లు, 60లలో అధికారులు జీపుల్లో, ట్రక్కుల్లో తిరిగి పింటుపిలని పోగుచేసి హాస్ట్స్ బ్లఫ్, పపున్యా లాంటి సర్కారు కాలనీలకి చేర్చారు. కొంతమంది కరువుకి తాళలేక, ముందు వెళ్లిన చుట్టాల్ని వెతుక్కుంటూ వాళ్లంతట వాళ్లే కూడా వచ్చారు. పపున్యా ఆలిస్ స్ప్రింగ్స్‌కి వాయవ్యంగా 240 కిలోమీటర్ల దూరం. ఆ కాలనీలో కొత్త తిండి, కొత్త రోగాలు. వచ్చినవాళ్లలో చాలామంది కొద్దికాలంలోనే చనిపోయారు.

ఇంకో సంగతి ఉంది, బయటివాళ్లు దీన్ని పట్టించుకోరు. పపున్యా పింటుపిల నేల కాదు, వేరే జాతులది. అంటే పింటుపిలు తమ నేల పోగొట్టుకోవడమే కాక ఇంకొకరి నేల మీద అతిథుల్లా, చెప్పాలంటే అక్కర్లేని అతిథుల్లా బతకాల్సొచ్చింది. అక్కడి పండగ వాళ్లది కాదు, అక్కడి గుట్ట వాళ్ల కథలోది కాదు.

మాలో ఒకరి కుటుంబం ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటోంది. సిమెంటు ఇళ్లు, వరస నంబర్లు. పక్కనున్న పాత ఊరివాళ్లకి వీళ్లంటే పడదు. మా అడివిలోకి ఎందుకొస్తారు, మా చెరువు దగ్గరికి ఎందుకొస్తారు అని. వాళ్ల బాధ వాళ్లది, వాళ్లూ లేనోళ్లే. పింటుపిల గురించి చదువుతుంటే మావాడు పుస్తకం పక్కన పెట్టి బయటికెళ్లి చాలాసేపు రాలేదు.

పింటుపిలు మాత్రం అక్కడే ఆగిపోలేదు. 1976లో ఆస్ట్రేలియా పార్లమెంటు నార్తర్న్ టెరిటరీకి ఆదివాసీ భూహక్కుల చట్టం చేసింది. 1981లో పింటుపిలు మూటలు కట్టుకుని తిరిగి పడమరకి కదిలి, ఆలిస్ స్ప్రింగ్స్‌కి 500 కిలోమీటర్లకి పైగా దూరంలో కింటోర్ అనే ఊరు కట్టుకున్నారు. తర్వాత ఇంకా పడమరకి పోయి కివిర్కురా కట్టుకున్నారు. 1984లో ఆ ఊరి దగ్గరికే, అప్పటిదాకా బయటి ప్రపంచాన్ని చూడకుండా ఎడారిలోనే ఉండిపోయిన తొమ్మిదిమంది కుటుంబం వచ్చి తమవాళ్లని కలిసింది. 1984! మన అమ్మానాన్నలు బడికెళ్తున్న రోజులు.

‘బెడ్స్ ఆర్ బర్నింగ్’ పాట ఈ పింటుపిల గురించే. పాటలో కింటోర్ పేరు, యుఎండుము పేరు వస్తాయి. ప్రపంచం మొత్తం ఎగిరిన పాటలో ఎడారిలోని రెండు ఆదివాసీ ఊళ్ల పేర్లు! ఎగిరినవాళ్లలో ఎంతమందికి ఆ సంగతి తెలుసో మరి.

వరుంపి బ్యాండ్ లేకపోతే ఈ ఆల్బమ్ లేదు

మిడ్‌నైట్ ఆయిల్ గురించి చెప్పేముందు వరుంపి బ్యాండ్ గురించి చెప్పడం న్యాయం. పపున్యాలోనే పుట్టిన బ్యాండ్ అది. పపున్యాకి సంబంధించిన తేనెచీమల పవిత్ర స్థలం పేరే వాళ్లు పెట్టుకున్నారు. సామీ బుచర్, గోర్డన్ బుచర్ అనే అన్నదమ్ములు, నీల్ మరే అనే తెల్ల కుర్రాడు, ఉత్తర తీరంలోని ఎల్కో దీవి నుంచి వచ్చిన గాయకుడు బురర్‌వంగ. ఆయన 2007లో చనిపోయాడు. చనిపోయినవాళ్ల సొంత పేరు పలక్కూడదని వాళ్లలో ఆచారం ఉంది కాబట్టి మేం కూడా ఇంటిపేరే రాస్తున్నాం.

1983లో వాళ్లు ‘జైలాంగురు పకార్ను’ అనే పాట రికార్డు చేశారు. జైలు నుంచి బయటికొచ్చిన మనిషి పాట, లురిట్జా భాషలో. ఆదివాసీ భాషలో విడుదలైన మొదటి రాక్ పాట అదే అంటారు. 1985లో ‘బిగ్ నేమ్, నో బ్లాంకెట్స్’ అని మొదటి ఆల్బమ్ తెచ్చారు. ‘పేరు పెద్దది, కప్పుకోడానికి దుప్పట్లు లేవు’ అని అర్థం. ఆ వెటకారం చూడండి, అచ్చం మన ఊళ్లో మాట్లాడుకునే మాటలా లేదూ!

మిడ్‌నైట్ ఆయిల్ సంగతి వేరు. సిడ్నీ శివార్లలోని పబ్బుల్లో చెమటలు కక్కుతూ పాడి పైకొచ్చిన తెల్ల కుర్రాళ్లు. గాయకుడు పీటర్ గారెట్ ఆరడుగుల పైన పొడుగు, నున్నటి గుండు, ఒళ్లంతా విదిలిస్తూ ఆడే ఆట. లా చదివినవాడు. 1984లో అణ్వాయుధాల వ్యతిరేక పార్టీ తరఫున సెనేట్‌కి పోటీచేసి కొద్దిలో ఓడిపోయాడు. డ్రమ్స్ రాబ్ హర్స్ట్, గిటార్లు జిమ్ మొగినీ, మార్టిన్ రాట్సీ, బేస్ పీటర్ గిఫర్డ్. యుద్ధాల మీద, అణుబాంబుల మీద వాళ్లు అప్పటికే పాటలు కట్టారు. బ్రిటన్ అణు పరీక్షలు చేసిన మారలింగా మీద కూడా ఒక పాట ఉంది. కానీ అవి పట్నంలో కూర్చుని పేపర్ చదివి కట్టిన పాటలు. ఆదివాసుల ఊళ్లోకి అడుగుపెట్టి కట్టినవి కావు.

ఉలురు అప్పగింత, ఒక పాట

1985 అక్టోబర్ 26న ఎడారి మధ్యలోని ఎర్ర కొండ ఉలురుని దాని అసలు యజమానులైన అనంగు ప్రజలకి అప్పగించారు. గవర్నర్ జనరల్ నినియన్ స్టీఫెన్ వచ్చి పట్టా చేతికిచ్చారు. దాంట్లో మెలిక ఏంటంటే, అదే రోజు ఆ నేలని అనంగు ప్రజలు 99 ఏళ్లకి ప్రభుత్వ జాతీయ పార్కుకి లీజుకివ్వాలి. పట్టా ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో లీజు మీద సంతకం. అయినా ఆ కాగితం మీద యజమాని అని వాళ్ల పేరుంది. పవిత్రమైన మా కొండ ఎక్కొద్దని వాళ్లు ఎన్నో ఏళ్లు బతిమాలాక, చివరికి 2019 అక్టోబర్ 26న, అదే తేదీకి, కొండ ఎక్కడం పూర్తిగా ఆగిపోయింది. పట్టా రావడానికీ మాట చెల్లడానికీ మధ్య 34 ఏళ్లు.

ఆ అప్పగింత మీద తీసిన డాక్యుమెంటరీకి పాట కావాలని మిడ్‌నైట్ ఆయిల్‌ని అడిగారు. వాళ్లు మొదట తటపటాయించారు, ఇది ఆదివాసీ బ్యాండ్ పాడాల్సిన పాట కదా అని. ఆ తర్వాత కట్టిన పాట ‘ది డెడ్ హార్ట్’. ‘చచ్చిపోయిన గుండె’ అని అర్థం. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఎడారిని తెల్లవాళ్లు అలాగే పిలిచేవాళ్లు. అక్కడ ఏమీ లేదని, ఎవరూ లేరని. ఆ తిట్టునే పేరుగా పెట్టి, ఆ గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉందని పాట చెప్తుంది. 1986లో సింగిల్‌గా వచ్చింది, తర్వాత ఈ ఆల్బమ్‌లో చేరింది.

ట్రక్కుల్లో ఎడారికి

పాట రాసేస్తే సరిపోదని వాళ్లకీ అనిపించినట్టుంది. 1986లో వరుంపి బ్యాండ్‌తో కలిసి మారుమూల ఆదివాసీ ఊళ్లకి బయల్దేరారు. వరుంపి వాళ్ల పాట పేరే యాత్ర పేరు, ‘బ్లాక్‌ఫెల్లా/వైట్‌ఫెల్లా’. వారకర్నా, కింటోర్, పపున్యా, యుఎండుము, ఆ తర్వాత ఉత్తర తీరం ఊళ్లు. మట్టి రోడ్లు, రాత్రి నేల మీద పడక, జనరేటర్ పెట్టి పాట.

సిడ్నీలో వేలమందిని ఊపేసిన బ్యాండ్‌కి అక్కడ ఎవరూ ఎగబడలేదు. జనం దూరంగా, చీకట్లో, కుటుంబాలతో, కుక్కలతో కూర్చుని చూశారు. ఇది చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది. మన ఊళ్లో బయటి కళాబృందం వస్తే మనవాళ్లు ఎలా కూర్చుంటారో గుర్తొచ్చింది. చెట్టు కింద, వెనకాల, మొహంలో ఏ భావమూ కనపడనీయకుండా. నచ్చలేదని కాదు. ఇంకా నమ్మకం కుదరలేదని.

ఆ యాత్ర వాళ్ల సంగీతాన్ని మార్చింది. పాత ఆల్బమ్‌ల్లో శబ్దం మీద శబ్దం, స్టూడియో ప్రయోగాలు ఎక్కువ. ఇందులో పాట ఊపిరి పీల్చుకుంటుంది. వాయిద్యాల మధ్య చోటుంది. ప్రొడ్యూసర్ వార్న్ లివ్సీ ఇంగ్లండ్ నుంచి వచ్చినవాడు. గిటార్లు సూటిగా, డ్రమ్స్ స్పష్టంగా, అందరూ కలిసి గొంతెత్తే పల్లవులు. ట్రక్కు డీజిలూ ఎడారి దుమ్మూ పేరులోనే ఉన్నాయి. అట్ట మీద ఫోటో కెన్ డంకన్ తీసింది, దక్షిణ ఆస్ట్రేలియాలో బుర్రా దగ్గర పాడుబడ్డ ఇల్లు. పెద్ద ఆకాశం కింద ఒంటరి ఇల్లు. ఎవరో వచ్చి, కట్టి, నిలవలేక వెళ్లిపోయిన ఇల్లు.

పాటల్లోకి

అన్ని పాటల గురించీ రాయలేం. మాకు బాగా పట్టుకున్నవి చెప్తాం.

‘బెడ్స్ ఆర్ బర్నింగ్’లో ఆ బాకాల మోత అయ్యాక అంతా తగ్గిపోయి బేస్, డ్రమ్స్ మాత్రమే నడుస్తాయి. గారెట్ దాదాపు మాట్లాడుతున్నట్టు ఎడారిని వర్ణిస్తాడు. తర్వాత పల్లవిలో ఒక్కసారిగా అందరూ కలుస్తారు. విషయం సూటిగా ఉంటుంది. ఈ నేల వాళ్లది, తిరిగి ఇచ్చేద్దాం, అద్దె కట్టే టైమొచ్చింది. ఈ ‘అద్దె కట్టండి’ అనేది బ్యాండ్ పుట్టించిన మాట కాదు, ఆస్ట్రేలియా ఆదివాసీ ఉద్యమంలో అప్పటికే ఉన్న నినాదం.

‘ది డెడ్ హార్ట్’లో మాకు నచ్చేది మాటల్లేని రాగం. మాటలు ఆగినచోట అందరూ కలిసి ఒక చిన్న రాగాన్ని పదేపదే అంటుంటారు. భాష రానక్కర్లేదు. మా ఉట్నూరు అన్న దాన్ని రెండోసారి వినగానే అందుకున్నాడు. మన దగ్గర కూడా పాటల్లో అర్థం లేని ఊతపదాలే కదా గుంపుని కలిపేది!

‘వారకర్నా’ నెమ్మదిగా నడిచే పాట. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఒక ఆదివాసీ ఊరి పేరే పాట పేరు. ‘గన్‌బారెల్ హైవే’ ఆ ఎడారిలో 1950ల్లో వేసిన రోడ్డు పేరు. లెన్ బీడెల్ అనే ఆయన బృందం ఆయుధ పరీక్షల పని కోసం వేసిన రోడ్డది. రోడ్డు వేస్తే అభివృద్ధి అంటారు. ఎవరి కోసం వేశారు, ఏం మోసుకుపోడానికి వేశారు అని అడగాలని ఏజెన్సీలో పెరిగిన మనకి వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో విడుదల చేసినప్పుడు ఈ పాట తీసేశారు, కాబట్టి మీరు వినేదాంట్లో ఉందో లేదో చూసుకోండి.

‘డ్రీమ్‌వరల్డ్’ వేగంగా పోయే పాట. క్వీన్స్‌లాండ్‌లో పాతవన్నీ కూల్చి కొత్తవి కట్టడం మీద. 1982లో బ్రిస్బేన్‌లో క్లౌడ్‌లాండ్ అనే పాత నాట్యశాలని రాత్రికి రాత్రి పడగొట్టిన సంగతి అందులో ఉంది. చివర్లో వచ్చే ‘సమ్‌టైమ్స్’ మా పరీక్షల పాట. ఎంత దెబ్బ తిన్నా లొంగొద్దు అనే పాట. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా సిఫారసు చేస్తున్నాం.

‘ఆర్క్టిక్ వరల్డ్’ మాత్రం మాలో ముగ్గురికి నచ్చలేదు. ఎడారి మధ్యలో మంచు పాట ఏంటని. నాలుగో ఆయన ఒప్పుకోడు. ఈ గొడవ ఇంకా తేలలేదు.

ఆల్బమ్ వచ్చాక

ఆస్ట్రేలియాలో ఆల్బమ్ మొదటి స్థానానికి పోయింది. ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’ న్యూజిలాండ్, కెనడా, దక్షిణాఫ్రికాలో మొదటి స్థానంలో నిలిచింది, బ్రిటన్‌లో 6, అమెరికాలో 17. ఆ మూడు దేశాల పేర్లు మళ్లీ చదవండి. మావోరీల నేల, కెనడా ఆదిమ జాతుల నేల, అప్పటికి ఇంకా వర్ణవివక్ష పాలనలో ఉన్న నల్లవాళ్ల నేల. ఎవరు ఏం అర్థం చేసుకుని కొన్నారో చెప్పలేం కానీ, నేల తిరిగి ఇచ్చేయమనే పాట అక్కడ మోగింది.

సమయం కూడా అలాంటిది. 1988 జనవరి 26కి బ్రిటిష్ ఓడలు వచ్చి 200 ఏళ్లు. దేశం మొత్తం పండగ చేసుకుంటుంటే, ఆదివాసులు, వాళ్లకి తోడుగా వచ్చినవాళ్లు వేలాదిమంది సిడ్నీ వీధుల్లో నడిచారు, ఇది పండగ కాదు, మా మీద దండయాత్ర జరిగిన రోజు అని. ఆ వేసవంతా రేడియోల్లో ఈ పాటలున్నాయి. అదే ఏడాది ప్రధాని బాబ్ హాక్ ఆదివాసులతో ఒప్పందం చేసుకుంటామని మాటిచ్చాడు. ఆ ఒప్పందం రాలేదు. అది రాలేదనే యోతు యిండి అనే ఆదివాసీ బ్యాండ్ 1991లో ‘ట్రీటీ’ పాట చేసింది. 1992 జూన్ 3న మాబో తీర్పులో ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత కోర్టు, ఎవరిదీ కాని నేల అనే మాటని కొట్టేసింది. 204 ఏళ్ల అబద్ధం అది. పాట వల్ల తీర్పొచ్చిందని మేం అనం. ఎడ్డీ మాబో, ఆయన తోటివాళ్లు పదేళ్లు కోర్టులో కొట్లాడితే వచ్చింది, తీర్పు చూడకుండానే ఆయన చనిపోయాడు. జనం చెవులు ఆ మాటకి అలవాటు పడ్డాయి, పాట చేసింది అంతవరకే. అది చిన్న పనేం కాదు.

మనకి 1997లో సమత తీర్పు ఎలాగో వాళ్లకి మాబో తీర్పు అలాగ. బొర్రా ప్రాంతం గనుల లీజుల మీద మొదలైన కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి ఇవ్వకూడదనే నియమం సర్కారుకి కూడా వర్తిస్తుందని మన సుప్రీంకోర్టు చెప్పింది. 1/70 చట్టానికి ప్రాణం పోసిన తీర్పది. తీర్పు తర్వాత ఏమైందో, దాన్ని కాపాడుకోడానికి ఎంత కష్టపడాల్సొస్తోందో ఇదివరకు పోస్టుల్లో రాసుకున్నాం.

‘మేము’ అనే మాట ఎవరిది?

ఇప్పుడు అసలు విషయానికొస్తాం. దీని మీదే మా రూములో రెండు రాత్రులు గొడవ జరిగింది.

‘ది డెడ్ హార్ట్’ పాట ‘మేము’ అని ఆదివాసుల తరఫున పాడుతుంది. పాడేది తెల్లవాళ్లు. ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’లో కూడా ‘మేము’ ఉంది, కానీ అది నేలని ఆక్రమించుకున్న వాళ్ల ‘మేము’. మాలో ఒకామె వాదన ఏంటంటే, రెండోది నిజాయితీ ఉన్న పాట, మొదటిది అప్పు తెచ్చుకున్న గొంతు. “మన మీద సినిమాలు తీస్తారు, పాటలు కడతారు, అవార్డులు వాళ్లకి. మనం వెనకాల గుంపులో డాన్స్ చేస్తాం. ఇదీ అంతే కదా?” అంది. ఆస్ట్రేలియాలో కూడా ఈ విమర్శ వచ్చింది. లెక్క చూస్తే ఆమె మాటలో బలం ఉంది. ఒకే యాత్రలో, ఒకే దుమ్ములో రెండు బ్యాండ్లు తిరిగాయి. ప్రపంచం ఒక దాని పేరే గుర్తుపెట్టుకుంది.

ఇంకొకరి వాదన వేరు. “పాట కావాలని అడిగారు, అడిగాక కూడా ముందు వెనకాడారు, ఊరూరా పోయి ఆ జనం ముందే పాడారు. అడక్కుండా వచ్చి మన తరఫున మాట్లాడేవాళ్లతో వీళ్లని కలపొద్దు” అన్నాడు.

గారెట్ తర్వాతి బతుకు ఈ వాదనని ఇంకా చిక్కు చేసింది. 2000 అక్టోబర్ 1న సిడ్నీ ఒలింపిక్స్ ముగింపులో మిడ్‌నైట్ ఆయిల్ ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’ పాడింది. పైన వేసుకున్న ముసుగు తీసేసరికి నల్లబట్టల నిండా ‘సారీ’ అనే మాట! తల్లుల నుంచి లాక్కుపోయిన ఆదివాసీ పిల్లల తరాలకి క్షమాపణ చెప్పనన్న ప్రధాని జాన్ హవర్డ్ ప్రేక్షకుల్లోనే ఉన్నాడు. 2002లో గారెట్ బ్యాండ్ వదిలి, 2004లో ఎంపీ అయ్యాడు. 2008 ఫిబ్రవరి 13న పార్లమెంటులో ప్రధాని కెవిన్ రడ్ ఆ క్షమాపణ చెప్పినప్పుడు గారెట్ మంత్రి. ఇక్కడిదాకా చదివి చప్పట్లు కొట్టాం. 2009లో అదే మంత్రి దక్షిణ ఆస్ట్రేలియాలో కొత్త యురేనియం గనికి పర్యావరణ అనుమతిచ్చాడని చదివి చేతులు దించేశాం. పాడిన మనిషి, సంతకం పెట్టిన మనిషి ఒకరే. మనకి ఇలాంటివాళ్లు తెలుసు. పేర్లు రాయక్కర్లేదు.

బ్యాండ్ 2017లో మళ్లీ కలిసింది. 2020లో తెచ్చిన ‘ది మకరాటా ప్రాజెక్ట్’లో ప్రతి పాటలోనూ ఆదివాసీ కళాకారులే తోడున్నారు. 33 ఏళ్లలో ‘వాళ్ల తరఫున’ నుంచి ‘వాళ్లతో కలిసి’ దాకా వచ్చారన్నమాట. అయితే 2023 అక్టోబర్ 14న ఆదివాసులకి రాజ్యాంగంలో ఒక సలహా మండలి ఉండాలా అని రెఫరెండం పెడితే, ఓటేసినవాళ్లలో దాదాపు 60 శాతం వద్దన్నారు. ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’ని సొంత పాటలా పాడుకునే దేశమే ఆ ఓటేసింది.

పోయిన సెలవుల్లో

పైన చెప్పిన మావాడి కాలనీకి సెలవుల్లో నలుగురం వెళ్లాం. రాత్రి కరెంటు పోయింది, బయట మంచాలేసుకుని ఫోన్లో ఈ పాట పెట్టాం. వాళ్ల నాయనమ్మ కాసేపు విని, “ఎందుకట్లా అరుస్తున్నాడు? ఏమంటున్నాడు?” అని అడిగింది. మావాడు వాళ్ల భాషలో చెప్పాడు. “వేరేవాళ్ల జాగాలో ఉంటూ మనకి నిద్రెట్లా పడుతోంది అని వాళ్లవాళ్లనే అడుగుతున్నాడు నాయనమ్మా.”

ఆమె చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “నిద్ర పట్టంది నాకు కదా” అంది. ఇంకాసేపటికి, “మన దగ్గర అట్లా ఎవరన్నా అడిగారా?” అంది.

మా దగ్గర జవాబు లేదు. మన నేల మీద కట్టినవాటి వెలుగులో, నీళ్లలో హాయిగా ఉన్నవాళ్లు ఎవరైనా తమవాళ్లని తామే ఇలా నిలదీస్తూ పాట కట్టారా? మన కోసం పాడినవాళ్లు ఉన్నారు, వాళ్లకి రుణపడి ఉంటాం. కానీ తీసుకున్నవాళ్లు తమలో తాము అడుక్కునే పాట మాకు దొరకలేదు. మీకు తెలిస్తే కామెంట్లో పెట్టండి, నాయనమ్మకి వినిపిస్తాం.

ఆ రాత్రి తర్వాత మా గొడవ కూడా తేలింది. తీసుకున్నవాళ్ల ‘మేము’ వాళ్లు పాడాలి, మన ‘మేము’ మనం పాడాలి. రెండూ కావాలి. ‘డీజిల్ అండ్ డస్ట్’ మొదటి పని గొప్పగా చేసింది, అందుకే మాకది ఇష్టం. రెండో పని వరుంపి వాళ్లు అంతకుముందే, తమ భాషలో, దుప్పట్లు లేకుండా చేసేశారు.

కాబట్టి వినే వరస ఇలా పెట్టుకోండి. ముందు ‘జైలాంగురు పకార్ను’, తర్వాత ‘బ్లాక్‌ఫెల్లా/వైట్‌ఫెల్లా’, ఆ తర్వాత ‘డీజిల్ అండ్ డస్ట్’ మొదటి నుంచి చివరిదాకా. హెడ్‌ఫోన్లు మంచివైతే మంచిది, లేకపోయినా పర్లేదు. విన్నాక మీ ఊళ్లో పెద్దవాళ్లు పాడే పాట ఒక్కటైనా ఫోన్లో రికార్డు చేసి ఉంచండి. గోండి, కోయ, సవర, కువి, ఏ భాషైనా సరే. ఊరి పేరు, వాగు పేరు, గుట్ట పేరు పాటలో ఉంటే ఇంకా మంచిది. కింటోర్ పేరు పాటలో ఉంది కాబట్టే కదా మేం మ్యాపులో వెతికాం!

నాయనమ్మ తన పాత ఊరి పాట ఒకటి పాడింది. మా దగ్గర రికార్డు ఉంది. గ్రూపులో పెట్టొచ్చా అని అడిగాం. “ఊరికి పోయినప్పుడు పెట్టుకోండి” అంది. అందుకే పెట్టట్లేదు.

జోహార్.

(ఈ పోస్టు నలుగురం కలిసి రాశాం. తప్పులుంటే చెప్పండి, సరిచేస్తాం. ‘ఆర్క్టిక్ వరల్డ్’ గురించి రాసిన మాట మీద ఒకరికి అభ్యంతరం ఉందని నమోదు చేస్తున్నాం.)